ఒడి కట్టుకున్నాకే భుజం నొప్పి తగ్గింది

మా ఇంట్లో లగేజీ తూచే కొక్కెం ఒకటుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ, కారప్పొడి, కందిపొడి అన్నీ కలిపి 23 కిలోలు దాటకుండా చూసుకోవడానికి కొన్నది. కిందటేడు సెప్టెంబరులో ఓ ఆదివారం రాత్రి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. అనుమానమొచ్చి నా బ్యాక్‌ప్యాక్‌ని దానికి తగిలించాను. తొమ్మిది కిలోల చిల్లర చూపించింది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఆ బరువుతో పొలమంతా తిరిగానన్నమాట. ఊరికే మోయడమైతే పర్వాలేదు. గుంట తవ్విన ప్రతిసారీ దింపడం, పూడ్చాక మళ్లీ ఎత్తుకోవడం. ఆ రోజు నలభై గుంటలకు తక్కువ తవ్వి ఉండను.

నేనుండేది ఇంగ్లండులోని సఫోక్ కౌంటీలో, ఇప్స్‌విచ్‌లో. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో పాత వస్తువుల వెతుకులాట. గాలం వేసి చేపలు పట్టడంలాగా ఇక్కడ ఇదీ మామూలు కాలక్షేపమే. పొలం యజమాని అనుమతి ఉండాలి. ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించిన చోట డిటెక్టర్ తిప్పకూడదు. దొరికిన వస్తువు 1996 నాటి ట్రెజర్ చట్టం కిందికి వస్తే 14 రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి తెలియజేయాలి. నాకీ పిచ్చి పట్టింది హాక్సన్ కథ విన్నాక. ఆ ఊరు మా కౌంటీలోనే ఉంది. 1992 నవంబరులో అక్కడో రైతు సుత్తి పోగొట్టుకుంటే, వెతికిపెట్టడానికి ఎరిక్ లాస్ అనే ఆయన డిటెక్టర్ పట్టుకెళ్లాడు. సుత్తి కోసం వెతుకుతుంటే రోమన్ల కాలం నాటి బంగారు, వెండి నాణేలు పదిహేను వేలకు కాస్త తక్కువగా బయటపడ్డాయి. సుత్తి కూడా దొరికింది లెండి. ఇప్పుడు అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

ఇదంతా చెబితే మా అమ్మ ఒకటే మాట అంది, "ఏరా, లంకెబిందెల కోసం తవ్వుతున్నావా? ఊళ్లో ఎవరికీ చెప్పకు." మన దగ్గర డిటెక్టర్ అనగానే అందరికీ గుప్తనిధుల ముఠాలే గుర్తొస్తాయి, ఆమెననేం లాభం. పైగా 1878 నాటి చట్టం ఇంకా ఉంది. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. అందుకే సెలవులకు వెళ్లినప్పుడు డిటెక్టర్ ఇక్కడే వదిలేస్తాను.

సంచి సంగతికొస్తాను. మొదట వాడింది ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగ్. ఖాళీగా పడి ఉంది, కొత్తది ఎందుకులే అనుకున్నాను. నా డిటెక్టర్ ఈక్వినాక్స్ 800, బరువు 1.34 కిలోలు. అది చేతిలో ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదు. మిగతావన్నీ వీపు మీదే: నీళ్లు రెండు లీటర్లు, చిన్న పార, చేతి తవ్వుగోల, మోకాలి ప్యాడ్లు, రెయిన్‌కోటు, పవర్ బ్యాంకు, స్టీలు క్యారేజీలో పులిహోర.

ఈ స్టీలు క్యారేజీతో మొదటి రోజే తమాషా జరిగింది. సిగ్నల్ వచ్చింది, బ్యాగ్ దింపి పక్కన పెట్టాను, గుంట తీశాను. ఏదో ఇత్తడి బొత్తాం దొరికింది. గుంటలో ఇంకేమైనా ఉందేమోనని మళ్లీ కాయిల్, అంటే డిటెక్టర్ అడుగున ఉండే పళ్లెం, తిప్పితే చెవులు గింగురుమనేంత పెద్ద సిగ్నల్. ఇంకో అడుగు తవ్వాను, ఏమీ లేదు. వెడల్పు చేశాను, అయినా మోత ఆగలేదు. పావుగంట తర్వాత అర్థమైంది, కాయిల్ చివర పక్కనే ఉన్న నా బ్యాగ్ మీదకు పోతోందని. పూడ్చడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. అప్పటినుంచి పులిహోర ప్లాస్టిక్ డబ్బాలోనే. చపాతీలు ఫాయిల్‌లో చుట్టి తెచ్చుకోవడమూ మానేశాను. ఒక్క ముక్క గాలికి పోయినా వచ్చే ఏడు ఇంకొకడు దాని కోసం గుంట తవ్వుతాడు.

నాకు కారు లేదు, రైల్లోనో బస్సులోనో పోవాలి. దీని గురించి మొదట్లో నేను ఆలోచించలేదు. చేతి తవ్వుగోల అంటే ఒక అంచు రంపంలా పళ్లతో, చూడ్డానికి పెద్ద బాకులా ఉంటుంది. సరైన కారణం లేకుండా అలాంటిది నలుగురూ తిరిగే చోట పట్టుకు తిరగడం ఈ దేశంలో నేరం. పొలానికి పోవడం సరైన కారణమే కావచ్చు, కానీ ప్లాట్‌ఫాం మీద అది బెల్టుకి వేలాడుతుంటే పక్కవాళ్లకి ఏం తెలుస్తుంది? కాబట్టి దాన్ని ఒరలో పెట్టి, పాత టవల్‌లో చుట్టి, బ్యాగ్ అడుగున వేస్తాను. రైతు ఇచ్చిన అనుమతి కాగితం పై జేబులో ఉంటుంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాగితం జేబులో ఉంటే మాత్రం టెన్షన్ ఉండదు.

భుజం పట్టేశాక ఆన్‌లైన్‌లో ఫైండ్స్ పౌచ్ అని అమ్మేది ఒకటి తెప్పించాను. నడుముకి కట్టుకునే సంచి. ఫొటోలో బాగుంది. వచ్చాక చూస్తే లోపల ఒకటే అర, పైన జిప్పు, అడుగున మట్టి రాలిపోవడానికని వల. మూడూ దెబ్బతీశాయి.

సఫోక్‌లో చాలా పొలాలు బంకమట్టివి. మా పల్నాడు నల్లరేగడి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తడిస్తే చెప్పులు వదలదు, ఎండితే రాయి. ఆ మట్టి జిప్పు పళ్లలోకి దూరి ఆరితే ఇక అంతే. మూడో వారానికే జిప్పు సగంలో ఆగిపోయింది, లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. వల సంగతి ఇంకా అన్యాయం. ఈ మట్టి రాలదు, అంటుకుంటుంది. పొడిగా ఉన్న రోజు రాలేది మట్టి కాదు, సన్న వస్తువులు. ఒక చిన్న సీసపు ముద్ర నా కళ్ల ముందే దాంట్లోంచి జారి మోళ్లలో పడింది. మళ్లీ దొరికింది కాబట్టి సరిపోయింది. అలా చూడకుండా ఎన్ని పడ్డాయో!

ఒకే అర ఉండటం వల్ల జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అక్టోబరు మొదటి వారం. గోధుమ కోసిన పొలం, ఇంకా దున్నలేదు. సన్నగా, తియ్యగా ఒక సిగ్నల్ వచ్చింది. ఐదంగుళాల లోతున మట్టిపెళ్ల విరిస్తే లోపల వెండి అంచు. మొదటి ఎడ్వర్డ్ కాలపు పెన్నీ, సుత్తితో కొట్టి ముద్ర వేసిన నాణెం. మన రూపాయి బిళ్ల కన్నా కాస్త చిన్నది, మందం మాత్రం దాదాపు రేకంత. ఏడు వందల ఏళ్లు మట్టిలో ఉండి కూడా ఒక వైపు రాజు ముఖం, ఇంకో వైపు పొడవాటి శిలువ స్పష్టంగా ఉన్నాయి. వేలితో రుద్దకూడదని తెలుసు, రుద్దితే మట్టిలోని ఇసుక గీతలు పెడుతుంది. కాబట్టి ఎంతో బుద్ధిమంతుడిలా మట్టితో సహా చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ సంచిలో వేశాను.

అరగంట తర్వాత ఒక నాగలి కర్రు ముక్క దొరికింది. అరచేతంత ఇనుము. చెత్త పొలంలో వదలకూడదు కదా, అదే సంచిలో వేశాను. తర్వాత ఎన్నిసార్లు మోకాళ్ల మీద కూర్చుని ఉంటానో! ఇంటికొచ్చి సంచి వార్తాపత్రిక మీద బోర్లిస్తే కవర్లో పెన్నీ రెండు ముక్కలు.

మా డిటెక్టర్ బృందంలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయనకి చూపించాను. ఆ ఎడ్వర్డ్ రాజు గుండ్రటి అర పెన్నీలు వేయించక ముందు ఇక్కడి జనం చిల్లర కావాల్సొస్తే పెన్నీనే శిలువ గీత వెంట రెండుగా కోసేవారట. "ఇంకేం, ఇప్పుడు నీ దగ్గర రెండు అర పెన్నీలున్నాయి" అన్నాడు. నవ్వలేక నవ్వాను. ఒంటరి నాణెం మామూలుగా ట్రెజర్ చట్టం కిందికి రాదు, అయినా ఇలాంటి వస్తువులు నమోదు చేసే ఆఫీసర్లు ప్రాంతాలవారీగా ఉంటారు, మా ప్రాంతం ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. రెండు ముక్కలూ తూచి, ఫొటో తీసి, కొత్తగా విరిగిందని కూడా రాసుకుంది. పాత విరుపుకీ కొత్త విరుపుకీ రంగు తేడా ఉంటుంది. ఆమెకు చూడగానే తెలిసిపోయింది, నేను చెప్పనవసరం లేకపోయింది.

ఆ వారం వీడియో కాల్‌లో అమ్మతో ఇదంతా వాపోయాను. అమ్మ పెళ్లయిన కొత్తలో పదేళ్లు పత్తి తీసింది. "నడుముకి ఒడి కట్టుకోకుండా వీపున మూట వేసుకుని ఎవరైనా పత్తి తీస్తారట్రా?" అంది. ఇప్పుడు నడుముకే కట్టానమ్మా అంటే, "మంచి పత్తీ, పురుగు పట్టిందీ ఒకే ఒళ్లో వేస్తామా మరి?" అంది. కొంగు దోపి చూపించింది కూడా: బరువు ముందు పొట్ట మీద వేలాడకూడదు, తుంటి ఎముక మీద కూర్చోవాలి, వంగితే తొడకు తగలకూడదు.

ఆ తర్వాత నేను ఫైండ్స్ పౌచ్‌లు వెతకడం మానేసి, సైన్యం వాడి అమ్మేసిన సామాన్లు దొరికే కొట్టుకి పోయాను. నాలుగు వేళ్ల వెడల్పు దళసరి నైలాన్ బెల్టు, ప్లాస్టిక్ బకిల్. దానికి తగిలించుకునే సంచులు విడిగా అమ్ముతారు, ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. ఎడమ తుంటి మీద పెద్ద సంచి. సైనికులు ఖాళీ అయిన తుపాకీ మ్యాగజైన్లు చటుక్కున పడేసుకోవడానికి వాడేది, నోరు వెడల్పుగా ఉంటుంది. అది చెత్తకి: తూటా మూతలు, డబ్బా మూతల రింగులు, కోతయంత్రం తురిమిపెట్టిన బీరు డబ్బాల రేకు, సీసం. ఆ రేకు ముక్కలు గడ్డితో పాటు ఆవుల కడుపులోకి పోతాయి, అందుకే సాయంత్రం ఈ సంచి చూపిస్తే రైతు ముఖం వికసిస్తుంది. వచ్చే ఏడు పక్క పొలం కూడా చూసుకోమన్నాడు. నిజం చెప్పాలంటే దొరికిన నాణేల కన్నా ఆ చెత్త సంచే నాకు ఎక్కువ పరపతి తెచ్చింది.

దాని వెనక చిన్న సంచి, మంచి వస్తువులకి. జిప్పు లేదు, వెల్‌క్రో కూడా లేదు. వెల్‌క్రోలో గడ్డి, మట్టి ఇరుక్కుని వారంలోనే పట్టు వదిలేస్తుంది. మడతమూత, ప్లాస్టిక్ క్లిప్పు, అంతే. పల్చటి వెండి ఏదైనా దొరికితే అది ఈ సంచిలోకి కూడా పోదు. పాత ఫిల్మ్ రోల్ డబ్బాలో అడుగున, పైన స్పాంజి ముక్కలు పెట్టి చొక్కా జేబులో వేసుకుంటాను. ఇంటికెళ్లేదాకా దాని మూత మళ్లీ తియ్యను.

కుడి తుంటి మీద పిన్‌పాయింటర్. క్యారెట్ రంగులో, క్యారెట్ ఆకారంలో ఉండే కర్ర లాంటిది, గుంటలో వస్తువు ఎక్కడుందో మోతతో చెబుతుంది. ఇది ఒకసారి ఒర లోంచి జారిపోయింది. నాది ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే తనే కుయ్ కుయ్ అని అరిచే రకం, కాకపోతే ఆ రోజు నేను దాన్ని ఆఫ్ చేసి పెట్టాను. అరెకరం వెనక్కి డిటెక్టర్‌తోనే వెతుక్కున్నాను. హాక్సన్ కథ గుర్తొచ్చి ఏ మూలో ఆశ కూడా. పిన్‌పాయింటర్ దొరికింది. దాంతో పాటు ఒక గొర్రెల కంచె మేకు. ఇప్పుడది చుట్టలు చుట్టలుగా సాగే తాడుతో బెల్టుకి కట్టి ఉంటుంది.

పార విషయంలో మాత్రం ఓడిపోయాను. బెల్టుకి ఒర పెట్టి చూశాను, నడుస్తుంటే పిక్కకు కొట్టుకుంటుంది. వీపున అడ్డంగా కట్టాను, కంచె దాటుతుంటే ముళ్లకి తగులుకుంది. చివరికి ఎడమ చేత్తో ఊతకర్రలా పట్టుకుని నడుస్తున్నాను. బృందంలో సగం మంది చేసేది అదే, మొదటే చూసి నేర్చుకుంటే ఆ ఒర డబ్బులు మిగిలేవి.

ల్యాప్‌టాప్ బ్యాగ్ ఇప్పటికీ వస్తుంది, కానీ పొలంలోకి దిగదు. నీళ్లు, రెయిన్‌కోటు, పులిహోర దాంట్లో పెట్టి కంచె చెట్ల కింద నల్ల కవర్లో దాచి పోతాను. దాహమైతే నడిచి వెనక్కి రావడమే, అదో విశ్రాంతి. పోయిన ఆదివారం బెల్టుని దాని మీద ఉన్నవాటితో సహా కొక్కేనికి తగిలించాను, రెండున్నర కిలోలు. అమ్మకి ఫోన్లో చూపిస్తే, బరువు సంగతి వదిలేసి, "ఆ మట్టి సంచి లోపలికి తెచ్చావా? మీ ఆవిడ ఊరుకుందా?" అంది. ఊరుకోలేదు. దాన్ని ఇప్పుడు గరాజ్ తలుపు వెనక మేకుకి తగిలిస్తున్నాను.