ఫ్యాన్ ఆపితే వినిపించిన క్లారినెట్: ఆరు వారాల డైరీ

మొదటి వారం: మా ఊళ్లో క్లారినెట్ అంటే పెళ్లి బ్యాండే. డప్పుల మోతను మించి వినపడాలి కాబట్టి గట్టిగా అరవడానికే పుట్టిన వాయిద్యం అనుకునేవాణ్ని. అందుకే 'ఇన్ చెర్కా ది చీబో' అనే ఇటాలియన్ ఆల్బమ్ పెట్టగానే అలవాటుగా వాల్యూమ్ పెంచాను. రెండు నిమిషాల్లో తలనొప్పి!

జర్మనీ రికార్డు కంపెనీ ఈసీఎం 2000లో తెచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్నది ఇద్దరే. జాన్‌లూయిజి ట్రొవేజి క్లారినెట్లు, జాన్ని కోషా అకార్డియన్ (ఒంటికి తగిలించుకుని వాయించే హార్మోనియం లాంటిది). డ్రమ్స్ లేవు. పేరుకు అర్థం 'తిండి వెతుక్కుంటూ'. ఇటలీ టీవీలో 1972లో వచ్చిన పినోకియో సీరియల్‌కి ఫియొరెంజో కార్పి కట్టిన బాణీ అది. ఆకలేసిన చెక్కబొమ్మ పాట అని తెలిశాక ఇంకా నచ్చింది. బుక్‌లెట్‌లో ముందుమాట రాసింది ఇటాలియన్ నవలాకారుడు ఉంబెర్తో ఎకో. ఆయనా కోషా ఒకే ఊరివాళ్లు, అలెస్సాండ్రియా.

రెండో వారం: దోషి దొరికింది, సీలింగ్ ఫ్యాన్. కింది స్వరాలన్నీ దాని గుయ్‌మనే చప్పుడులో కలిసిపోతున్నాయి. ఇప్పుడు రాత్రి పదిన్నరకి ఫ్యాన్ ఆపేసి, స్పీకర్లు చేయి చాచితే అందే దూరంలో పెట్టుకుని, పక్కగదిలోంచి మా ఆవిడ పిలిస్తే వినపడేంత వాల్యూమ్‌లో వింటున్నా. ఒక్కో విడత ఇరవై నిమిషాలు. అంతకు మించితే ఉక్క. లాభమేంటంటే, అకార్డియన్ తిత్తి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.

మూడు నుంచి ఐదు: ట్రొవేజి ఇందులో పిక్కోలో (చిన్నది), ఆల్టో (పెద్దది), బేస్ (ఇంకా పెద్దది, గొంతు అన్నిటికన్నా కిందిది) అని మూడు క్లారినెట్లు వాయించాడు. ఏది ఎప్పుడో చెవితో పట్టాలని పంతం. పిక్కోలో సన్నగా ఉంటుంది, ఇట్టే దొరుకుతుంది. తికమకంతా మిగతా రెండింటితోనే. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూశా: స్వరం 90 హెర్ట్జ్ కిందికి దిగిందంటే అది ఆల్టో కాదు, బేసే. అయితే కోషా ఎడమచేత్తో వాయించే అకార్డియన్ కింది స్వరాలు మధ్యలో దూరి లెక్కంతా చెడగొడతాయి. ఆయన ఆగిన చోటే కొలవాలి.

ఇంకో సంగతీ తెలిసింది. వేణువులో గట్టిగా ఊదితే స్వరం పై షడ్జానికి ఎగురుతుంది. క్లారినెట్‌లో ఎడమ బొటనవేలి దగ్గర మీట నొక్కితే షడ్జం దాటేసి పైస్థాయి పంచమానికి వెళ్తుంది. కింది గొంతూ పై గొంతూ ఇద్దరు మనుషుల్లా ఉండటానికి ఇదీ ఒక కారణమే.

ఈ ఇద్దరే చేసిన 2005 నాటి ఆల్బమ్ 'రౌండ్ అబౌట్ వైల్' కూడా విన్నా. బాగుంది గానీ, నాకు పినోకియోనే ముద్దు.

ఆరో వారం: పెరూజా క్లారినెట్ విద్వాంసుడు గాబ్రియేలె మిరబాస్సి, అకార్డియన్ మీద రిషార్ గలియానోతో చేసిన 'కలొరియాజ్' సెకండ్ హ్యాండ్ సీడీ వచ్చింది. డిస్క్‌ని పట్టి ఉంచే డబ్బా పళ్లు విరిగి, అది లోపల గలగలా దొర్లుతోంది. మూడో ట్రాక్‌లో గెంతింది. మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడిచాను, గుండ్రంగా తిప్పకూడదు. రెండుచోట్ల ఇంకా గెంతుతోంది. ఆ రెండూ వదిలేసి, మిగతాది రేపు రాత్రి వింటా.