మా వాడు నేర్పిన చదువు

తలసీమియా ఉన్న పిల్లల ఇళ్లల్లో నెలను క్యాలెండర్ చూసి లెక్కపెట్టరు, బ్లడ్ డేట్ నుంచి బ్లడ్ డేట్‌కి లెక్కపెడతారు. మా ఇంట్లో పదిహేడేళ్లు అలాగే గడిచింది. చుట్టాల్లో ఎవరైనా పెళ్లి ముహూర్తం పెట్టుకుంటే ముందు నాకు ఫోన్ చేసి, ఆ వారం పిల్లాడికి రక్తం ఎక్కించేది ఏమైనా ఉందా అని అడిగేవాళ్లు. మా వాడు పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు రక్తం ఎక్కించే వార్డుకు వెళ్లి, ఇలాంటి పిల్లల అమ్మలకు నాకు తెలిసింది చెబుతుంటాను. ఈ మధ్య నల్లగొండ వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది, పాప పోయి ఏడాది కావస్తోందట, "అక్కా, మీలాగా నేనూ ఏదైనా చెయ్యాలనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంది. ఆమెతో ఫోన్‌లో చెప్పగలిగినంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నా, ఆమెలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కదా.

తెలియని వాళ్ల కోసం ముందు జబ్బు సంగతి. తలసీమియా మేజర్, అంటే జబ్బు తీవ్రంగా ఉన్న రకం, వచ్చిన పిల్లల ఒంట్లో హిమోగ్లోబిన్ (హెచ్‌బీ అంటాం) సరిగ్గా తయారవ్వదు. అందుకని రెండు నుంచి నాలుగు వారాలకోసారి బయటి రక్తం ఎక్కించాలి, బతికినంత కాలం. అసలు చిక్కు ఆ రక్తంలోనే ఉంది. ఒక్కో ప్యాకెట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లోకి వస్తుంది, దాన్ని బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. అది లివర్‌లో, గ్రంథుల్లో, గుండెలో పేరుకుపోతుంది. దాన్ని తీసేయడానికి రోజూ మందు వాడాలి. వారానికి ఐదారు రాత్రులు పొట్ట మీద చర్మం కింద సూది పెట్టి, చిన్న పంపుతో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మందు ఎక్కించే పద్ధతి ఒకటి, మాత్రల పద్ధతి ఇంకొకటి. మా వాడు రెండూ చూశాడు. పంపు ఉన్న రాత్రి ఒకే పక్కకు తిరిగి పడుకునేవాడు, నిద్రలో కూడా ఆ వైపుకు దొర్లేవాడు కాదు. చివరికి వాడి గుండె దెబ్బతిన్నది ఆ ఐరన్ వల్లే.

వాడు పోయాక ఇంటికొచ్చిన వాళ్లందరూ దాదాపు ఒకే మాట అన్నారు. వాడు బాధల నుంచి బయటపడ్డాడు, ఇకనైనా నువ్వు కాస్త ఊపిరి తీసుకో అని. ప్రేమతోనే అన్నారు, తప్పుపట్టను. కానీ పదిహేడేళ్లు ఒకే పని చేసిన చేతులకు హఠాత్తుగా పని లేకుండా పోతే అది విశ్రాంతి ఎలా అవుతుంది? రాత్రి తొమ్మిదయ్యేసరికి పంపు పెట్టే టైమ్ అయిందని లేచేదాన్ని. నాకు బిడ్డ కనురెప్ప కొంచెం కిందికి లాగి చూస్తే హెచ్‌బీ ఎనిమిది దగ్గర ఉందో తొమ్మిది దాటిందో చెప్పడం వచ్చు. ఏ సిస్టర్‌కి పిల్లలకు నరం పట్టుకోవడంలో మంచి చెయ్యి ఉందో తెలుసు. ఎండాకాలంలో బి నెగటివ్ కావాలంటే ఎవరిని అడగాలో తెలుసు. ఇదంతా ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు, వాడిని పెంచుతూ నేర్చుకున్నది. వాడే లేనప్పుడు ఇదంతా ఏం చేసుకోను అని చాలా రోజులు ఏడ్చాను.

మొదలైంది మాత్రల దగ్గర. బీరువాలో ఇంకా విప్పని ఐరన్ మాత్రలు నెలకు సరిపడా మిగిలాయి. ఐరన్ మాత్రలంటే ఐరన్ తీసేసే మాత్రలు, మేం అలాగే అంటాం. వాటి ఖరీదు తెలిసినవాళ్లెవరూ పారేయలేరు. మా ఆయన డేట్లు చూసి డాక్టరుగారికి ఫోన్ చేస్తే, అదే మందు వాడుతున్న ఒక పాప ఉందని, ఆసుపత్రికి తెచ్చి ఇమ్మన్నారు. మధిర దగ్గర పల్లెటూరు వాళ్లు. పాపకు ఐదేళ్లుంటాయి. మాత్ర ఎలా వేస్తున్నావమ్మా అని వాళ్లమ్మను ఊరికే అడిగాను. అన్నం తిన్నాక, పాప మింగలేకపోతోందని పెరుగన్నం ముద్దలో పెట్టి తినిపిస్తోందట. ఆ మాత్రను నీళ్లలో కరిగించి, ఖాళీ కడుపుతో తాగించాలి, అన్నానికి కనీసం అరగంట ముందు. అక్కడే క్యాంటీన్ నుంచి గాజు గ్లాసు తెప్పించి చేసి చూపించాను. మాత్ర పూర్తిగా కరగదు, తెల్లటి పిండినీళ్లలాగా అవుతుంది, తాగేశాక గ్లాసు అడుగున, అంచులకు కొంత పొడి అంటుకుని ఉంటుంది. చాలామంది అక్కడితో గ్లాసు కడిగేస్తారు. ఇంకో రెండు గుక్కల నీళ్లు పోసి, గ్లాసు గుండ్రంగా తిప్పి, అదీ తాగించాలి. పాప మొహం చిట్లించి తాగేసి నాకు నాలుక చూపించింది. "డాక్టరుగారు చెప్పారక్కా, కానీ ఎవరన్నా చేసి చూపిస్తే కదా తెలిసేది" అంది వాళ్లమ్మ.

బస్సులో ఇంటికొస్తుంటే చాలా కాలం తర్వాత ఆకలేసింది నాకు. అంతకంటే పెద్ద మాటలు చెప్పలేను ఆ రోజు గురించి.

ఆ తర్వాత వాడి పుస్తకం బయటికి తీశాను. అట్ట చినిగిన లాంగ్ నోట్‌బుక్. ప్రతి బ్లడ్ డేట్‌కి ఒక వరస: తారీఖు, ఎక్కించే ముందు హెచ్‌బీ, ఎన్ని ఎంఎల్ ఎక్కించారు, బరువు, ఎత్తు, జ్వరం, దద్దుర్లు ఏమైనా వచ్చాయా. మూడు నెలలకోసారి ఎర్ర సిరాతో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే రక్తపరీక్ష అంకె. ఆ గళ్లే గీసి, ఖాళీ కాగితాలు జిరాక్స్ తీయించి వార్డులో అమ్మలకు ఇస్తున్నాను. రాసుకుంటే ఏమొస్తుంది అని అడుగుతారు కొందరు. ఏడాది లెక్క ఒక్క పేజీలో కనపడితే డాక్టరుకి చాలా తెలుస్తుంది. బరువుకు తగ్గట్టు కాకుండా రక్తం అవసరం పెరుగుతూ పోతుంటే ప్లీహం రక్తాన్ని మింగేస్తోందేమో చూస్తారు. ఫెరిటిన్ వెయ్యి దగ్గర ఉండాల్సింది రెండున్నర వేలు దాటి అక్కడే కూర్చుంటే గుండెకు ప్రమాదం అని అర్థం, మందు మార్చడమో డోసు పెంచడమో చేస్తారు. చదువురాని అమ్మలున్నారు, వాళ్ల తరఫున పెద్ద పిల్లలు రాస్తారు. ఒక బాబు అయితే తన పేజీ తనే రాసుకుని, హెచ్‌బీ పది దాటిన ప్రతి వరస పక్కన నక్షత్రం గీస్తాడు.

వార్డుకు వెళ్లడంలో కష్టమైన సంగతి ఒకటుంది, అది దాచకుండా చెప్పాలి. కొత్త అమ్మలు అడుగుతారు: "మీ బాబు ఇప్పుడెలా ఉన్నాడక్కా?" మొదట్లో గొంతు పట్టేసేది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాను, లేడమ్మా అని. కానీ అక్కడ ఆపను. మా వాడు పుట్టినప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, రక్తం, ఐరన్ మందు రెండూ క్రమం తప్పకుండా చూసుకుంటున్న వాళ్లు చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, గుండెలో ఐరన్ ఎంతుందో ఇప్పుడు ఎంఆర్ఐలో ముందే తెలుస్తుంది, అడిగి చేయించుకో అని చెబుతాను. నేను అబద్ధం చెప్పనని వాళ్లకు తెలిస్తేనే నేను చెప్పే ధైర్యం కూడా నమ్ముతారు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ఒక దశలో విసుగొస్తుంది, ఇక నేను సూది పెట్టుకోను, మాత్ర తాగను అని మొండికేస్తారు. ఆ వయసు పిల్లలున్న అమ్మలతో ఎక్కువసేపు కూర్చుంటాను. ఆ పిల్లలతో అయితే మందు ఊసెత్తకుండా క్రికెట్ గురించి మాట్లాడతాను. మా వాడి పుణ్యమా అని ఐపీఎల్ టీములన్నీ నోటికొచ్చు.

మా ఆయన వార్డు లోపలికి రారు. రాలేరు. ఆయన పని డోనర్లు. విచిత్రం ఏంటంటే ఆయన రక్తం ఇవ్వలేరు. దాతకు హెచ్‌బీ 12.5 ఉండాలి, మేమిద్దరం తలసీమియా క్యారియర్లం, అంటే జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని మోస్తూ పిల్లలకు ఇచ్చేవాళ్లం, మాకు ఎప్పుడూ అంతకంటే కిందే ఉంటుంది. బిడ్డకు ఎన్ని యూనిట్లు కావాలో లెక్కపెట్టుకుంటూ, మనం ఒక్కటీ ఇవ్వలేకపోవడం తండ్రిగా ఆయన్ని చాలా తినేసింది. ఇప్పుడు ఎవరికైనా కావాలంటే బండి తీసి, డోనర్‌ను ఇంటి దగ్గర ఎక్కించుకుని, బ్లడ్ బ్యాంక్‌లో దింపి, అయ్యాక మళ్లీ ఇంట్లో దింపుతారు. ఎప్పుడు ఎవరిచ్చారో డైరీలో రాసుకుంటారు, మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు దాటాకే మళ్లీ ఫోన్. ఏప్రిల్, మే వచ్చాయంటే టెన్షనే. కాలేజీలకు సెలవులు, అక్కడ క్యాంపులు ఉండవు, ఎండకు జనం బయటికి రారు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో మహా అయితే 42 రోజులు నిలవుంటాయి, కాబట్టి జనవరిలో దండిగా పోగుచేసి మే దాకా దాచుకోవడం కుదరదు. దయచేసి మీరు ఏడాదికి ఒక్కసారే ఇచ్చేవాళ్లయితే ఎండాకాలంలో ఇవ్వండి, తెల్లారగట్టే వెళ్లినా తీసుకునే క్యాంపులు చూసుకోండి, ముందు బాగా నీళ్లు తాగి, టిఫిన్ చేసి వెళ్లండి.

మే 8 ప్రపంచ తలసీమియా దినం. ఆ రోజు ఎందుకొచ్చిందో నాకు వాడు పోయాకే తెలిసింది. సైప్రస్‌లో పానోస్ ఎంగ్లెజోస్ అని ఒక తండ్రి, ఆయన కొడుకు జార్జ్ ఈ జబ్బుతోనే పోయాడు. ఆ కొడుకు జ్ఞాపకంగా, పోయిన పిల్లలందరి జ్ఞాపకంగా 1994లో ఈ రోజును మొదలుపెట్టారు. 1986లో వివిధ దేశాల తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ తలసీమియా సమాఖ్యను నడిపిందీ ఆయనే. ఒకప్పుడు ఆ చిన్న దేశంలో ఈ జబ్బు ఎంత ఎక్కువంటే, పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్నట్టు కాగితం చూపించమని చర్చి కూడా అడగడం మొదలుపెట్టింది. ఇప్పుడక్కడ కొత్తగా ఈ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేరు. మన హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998లో మొదలైందీ పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి కూర్చుంటేనే. నాకంటే ముందు ఈ దారిలో ఇంతమంది అమ్మానాన్నలు నడిచారని తెలిశాక కాళ్లకు బలం వచ్చింది.

మనదేశంలో ఏటా పది వేల మంది పిల్లలు మేజర్‌తో పుడుతున్నారని అంచనా. ఆపడానికి కావలసింది ఒక రక్తపరీక్ష. రక్తకణాలను లెక్కించే మామూలు సీబీసీ పరీక్షలో ఎర్ర కణాల సైజు తక్కువగా కనిపిస్తే, హెచ్‌బీ ఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే పరీక్ష. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ మేజర్ వచ్చే అవకాశం 25 శాతం, ఒకరే అయితే భయం లేదు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు అనుకునేవాళ్లు ఎంతమందో. మాది మేనరికం, మా అత్త కొడుకునే చేసుకున్నాను. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి సంబంధం ఇంట్లోదే అయితే పరీక్ష ఇంకా ముఖ్యం. కోడలి వల్లే ఇలాంటి బిడ్డ పుట్టాడు అనే అత్తగార్లకు కాగితం మీద గీసి చూపిస్తాను, సగం నీ కొడుకు నుంచే వచ్చిందమ్మా అని. ఆ మాట కొంచెం గట్టిగానే అంటాను.

నల్లగొండ చెల్లెలికి నేను చెప్పింది ఇదే. తొందరపడకు. ఏడాదే అయింది, ఆ వార్డు వాసన తగిలితేనే నీకు కళ్లు తిరుగుతాయి, అది తట్టుకోగలిగినప్పుడే వెళ్లు. బాధ పోగొట్టుకోవడానికి అయితే వెళ్లకు, పోదు. నాకు ఇప్పటికీ వాడి పుట్టినరోజు వారంలో ఎవరి ఫోనూ ఎత్తబుద్ధి కాదు, ఎత్తను, ఆ వారం మా ఆయన చూసుకుంటారు. కొత్తగా ఏదో నేర్చుకుని గొప్ప పని చెయ్యాలనీ లేదు. నీ పాప వల్ల నీకేం తెలిసిందో అది కావలసినవాళ్లు ఉన్నారు. ఆమె పాపకు వికలాంగుల సర్టిఫికెట్ కోసం ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగిందట. 2016 చట్టంలో చేర్చిన 21 రకాల వైకల్యాల్లో తలసీమియా ఉంది, కానీ ఆ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, ఏ కాగితాలు కావాలో అసలే తెలియదు. "నీకు ఆ దారంతా తెలుసు కదా, నాకు తెలియదు, మా వార్డులో నలుగురికి కావాలి, వాళ్లకు నీ నంబరివ్వనా?" అన్నాను. కాసేపాగి ఇవ్వమంది. ఇప్పటికి ఇద్దరి అప్లికేషన్లు పెట్టించింది.

మధిర పాప వాళ్లమ్మ మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు 11 వారాలు దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించుకుంది. రిపోర్టు వచ్చేదాకా రోజూ రాత్రి ఫోన్ చేసేది. బాబు మేజర్ కాదు, క్యారియరే అని వచ్చింది. వాడికిప్పుడు నడకొచ్చింది. పోయిన వారం ఆమె తన తోడికోడలిని వెంటబెట్టుకుని హెచ్‌బీ ఏ2 పరీక్షకు ఖమ్మం వచ్చింది. ఆ అమ్మాయికి కొత్తగా పెళ్లయింది. సూదికి భయపడుతుంటే, ఒకరే క్యారియరయితే భయం లేదనీ, ఇద్దరైతే నాలుగింట్లో ఒక వంతనీ ఈవిడే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతోంది. నేను పక్కన కూర్చుని విన్నాను. ఒక్క తప్పు లేదు.