గుండె చుట్టూ నీరు: కారణం దొరికేదాకా నా అనుభవం

ఆపరేషన్ కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు, కూర్చుంటే ఛాతీ లాగుతోంది. అయినా కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మొదట ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. ఎకో (గుండె స్కానింగ్) తీసి, గుండె చుట్టూ నీరు చేరిందని సూదితో తీసి ఇంటికి పంపారు. అక్కడిదాకా బాగానే ఉంది.

మళ్లీ చేరింది. గుండెను కప్పి ఉండే పొరలో మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల నీరే ఉంటుంది. నాకు గొట్టం వేసి పెడితే, బయట తగిలించిన సంచిలోకి కారుతూనే ఉండేది, అదీ ఎర్రగా. ట్యూబులో పట్టి ఉంచినా గడ్డకట్టలేదు. సూది గుండె గదిలోకి దిగి వచ్చిన రక్తమైతే గడ్డకట్టేదని, ఇది పొరలో నిలవున్నదేనని నర్సమ్మ చెప్పారు. పరీక్షల్లో క్యాన్సర్ కణాలు లేవు, టీబీ లేదు. పెద్ద డాక్టరు మళ్లీ వాపు తగ్గే మాత్రలే రాశారు. "ఎర్రగా ఎందుకొస్తోంది సార్?" అంటే నా మొహమైనా చూడకుండా, వెనకున్న జూనియర్లతో "ఈవిడకి జబ్బు కంటే భయం ఎక్కువ" అన్నారు. వాళ్లు నవ్వారు. ఒంట్లోంచి గొట్టం వేలాడుతుంటే దుప్పటి మీదకు లాక్కుని ఆ నవ్వు విన్నాను. ఎంత చదువున్నా, మంచం మీదున్న మనిషిని నలుగురి ముందు చులకన చేసేవాడు వైద్యుడు కాడు. ఆయన ఇది చదివినా నాకు ఫర్వాలేదు.

వేరే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ నా పాత ఎకో వీడియోలన్నీ వరుసగా వేసి చూశారు. "నీరు తీశాక కూడా కుడి కర్ణిక, అంటే గుండె కుడి పైగది పక్కన ఇది అలాగే ఉంది, చూడండి" అని తెర మీద వేలు పెట్టి చూపించారు. ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఆ గడ్డ తెల్లగా మెరిసింది. హెమాంజియోమా అట. రక్తనాళాలే ముద్దగా పెరిగిన గడ్డ, క్యాన్సర్ కాదు, కానీ దాన్నుంచి పొరలోకి రక్తం ఊరుతోంది. గుండెలో పుట్టే గడ్డలే అరుదు, వాటిలో ఇది మరీ అరుదు. అందుకే మొదటిసారి పట్టుకోలేదని ఎవరినీ తప్పుపట్టను. తిరగబెడుతున్నా వెతకకపోవడమే నా బాధ.

రొమ్ము ఎముక తెరిచి, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషిన్ మీద పెట్టి గడ్డ తీసేశారు. బయాప్సీలోనూ అదే తేలింది. ఆ రిపోర్టు కాపీ పెద్ద డాక్టరుగారికి పోస్టులో పంపాను.

నీరు రెండోసారి చేరితే కారణం అడగండి, సీటీయో ఎంఆర్ఐయో అవసరమా అని గట్టిగా అడగండి. ఎకో రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా వీడియోలున్న సీడీ తీసుకోండి. రికార్డుల గదిలో విసుక్కుంటారు, తిప్పుతారు. సీడీ చేతికొచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.