కొత్త బ్యారెల్ వేస్తే గ్రూప్ పెరిగింది!

మొన్న శనివారం షూటింగ్ రేంజ్ నుంచి వస్తూ దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. నా .22 రైఫిల్‌కి పాత బ్యారెల్‌తో 50 గజాల్లో ఐదేసి షాట్ల గ్రూపులు, అంటే టార్గెట్ మీద రంధ్రాలు పరుచుకున్న వెడల్పు, సగటున 1.6 అంగుళాలు వచ్చేవి. ఇది ఎంత తగ్గితే అంత గురి. డబ్బు పోసి కొన్న హెవీ బ్యారెల్‌తో 1.9!

స్కోపుతో కలిపి 600 డాలర్లు దాటకూడదని ఇంట్లో ఒప్పందం. ఇక్కడ డల్లాస్‌లో స్నేహితులందరూ ఏఆర్-15 కొనమన్నారు. కొనొచ్చు, దాన్ని మేపేదెవరు? .22 తూటా నాకు 8 సెంట్లకు పడుతోంది, ఏఆర్-15లో వేసే 5.56 తూటా అంతకు ఐదారు రెట్లు. పైగా ఎన్‌సీసీ క్యాంపులో మొదట పట్టుకున్నది .22 బోల్ట్ రైఫిలే, ఆ మమకారం ఒకటి. మార్లిన్ 60 చూశాను కానీ గొట్టంలోకి ఒక్కో తూటా జారవిడిచే ఓపిక నాకు లేదు. చివరికి సెకండ్‌హ్యాండ్ రూగర్ 10/22 తీసుకున్నాను, మ్యాగజైన్ పెట్టే సెమీ-ఆటోమేటిక్ .22. 1964 నుంచి వస్తున్న మోడల్, విడిభాగాలకు కొదవలేదు. రూగర్ వాళ్లదే తేలికగా నొక్కే బీఎక్స్ ట్రిగ్గర్ వేశాను, పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది.

కొత్త బ్యారెల్ 18 అంగుళాలది, .920 అంగుళం మందం, 1:16 ట్విస్ట్ (లోపలి గాడులు 16 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి). 20 అంగుళాలది వద్దనుకున్నాను. .22లో ఉండే చిటికెడు మందు 16 అంగుళాలు దాటేసరికే దాదాపు పని ముగించేస్తుంది, మిగతాదంతా మోత బరువే.

నన్ను తికమక పెట్టింది గ్రూప్ ఆకారం. నిలువు 1.9, అడ్డం 0.6 మాత్రమే. గాలి కాదు, నా ట్రిగ్గర్ వేలూ కాదు. మొదట తూటాల వేగం తేడా అనుకున్నాను. సెకనుకు 1235 అడుగుల సీసీఐ మినీ మ్యాగ్ తూటాలు పక్కన పెట్టి 1070 అడుగుల స్టాండర్డ్ వెలాసిటీ వాడితే 1.7కి దిగింది, అంతే. స్కోపు రింగులు విప్పి మళ్లీ బిగించాను, మార్పు లేదు. రిసీవర్‌ని (బోల్ట్ ఉండే మధ్య పెట్టె) స్టాక్‌కి, అంటే పిడికి, పట్టి ఉంచే టేక్‌డౌన్ స్క్రూ బిగింపు మార్చి చూశాను: 10 ఇంచ్-పౌండ్ల దగ్గర 1.8, 15 దగ్గర 1.5, 20 దగ్గర మళ్లీ 1.8. లావు బ్యారెల్ పట్టేలా నేను తోమిన స్టాక్ గాడిలో కాగితం దూర్చి చూస్తే రిసీవర్ దాకా అడ్డం లేకుండా జారింది. అంటే గాడి తోమడంలో నేను తప్పు చేయలేదు.

అప్పుడు వెలిగింది. ఈ బ్యారెల్ వేశాక జీరో చేయడానికి, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా, స్కోపు మరను 88 క్లిక్కులు పైకి తిప్పాను. క్లిక్కుకి పావు ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఒక ఎంఓఏ) చొప్పున 22 ఎంఓఏ, 50 గజాల్లో పదకొండున్నర అంగుళాలు! స్కోపు కూర్చున్నది రిసీవర్ మీద. కాబట్టి బ్యారెలే ముక్కు వంచుకుని ఉంది. విప్పి, బ్యారెల్‌ని రిసీవర్‌కి బిగించే వీ-బ్లాక్ లేకుండా రిసీవర్‌లో పెట్టి చూస్తే షాంక్ (బ్యారెల్ వెనక కొస) సన్నగా ఊగుతోంది. ఆ సందుకి ఇంత బరువు తోడైతే షాట్ షాట్‌కీ పైకీ కిందికీ కదలదా మరి?

కోక్ డబ్బా రేకు కత్తిరించాను, మైక్రోమీటర్‌లో 0.004 అంగుళం. పావు అంగుళం ముక్కను రిసీవర్ రంధ్రం ముందు అంచున, కింది వైపు పెట్టి, వీ-బ్లాక్ స్క్రూలు రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాను. నిన్న జీరోకి 68 క్లిక్కులు వెనక్కి వచ్చాయి. గ్రూప్ 1.1!

కానీ పీడ పూర్తిగా వదల్లేదు. ప్రతి మ్యాగజైన్‌లో మొదటి షాట్ మిగతా వాటికన్నా 0.7 అంగుళం పైన పడుతోంది. దాన్ని తీసేసి కొలిస్తే 0.6. చల్లని బ్యారెల్ వల్లనా అంటే, 40 షాట్లు కాల్చాక పెట్టిన మ్యాగజైన్‌లోనూ అదే కథ. మొదటి తూటాని నేను చేత్తో బోల్ట్ లాగి వదులుతాను, తర్వాతవి బోల్ట్ తనంతట తానే తోస్తుంది. చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గూట్లో, రెండూ ఒకేలా కూర్చోవడం లేదేమో.

వచ్చే వారం 20 తూటాలు ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించి కాలుస్తాను. అన్నీ పైనే పడితే అనుమానం తీరినట్టే. ఈలోగా ఈలీ కాంటాక్ట్ తూటాల పెట్టె ఒకటి ఆర్డర్ పెట్టాను. 600లో ఇంకా 23 డాలర్లు మిగిలాయి, ఈ పెట్టెతో అవీ అయిపోతాయి.