స్టాండర్డ్ పాతదైనా ఎన్‌కోడర్ పాతది కానక్కర్లేదు

ఎమ్‌పీ3 128 కేబీపీఎస్ అంటే ఎవరు చేసినా ఒకటే సౌండ్, హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ అంటే ఎక్కడ ఎన్‌కోడ్ చేసినా (అంటే కుదించి ఫైల్‌గా మార్చినా) ఒకటే క్వాలిటీ అని చాలామంది అనుకుంటారు. అస్సలు కాదండీ.

ఎంపెగ్ (ఆడియో, వీడియో కంప్రెషన్‌కి స్టాండర్డ్స్ రాసే అంతర్జాతీయ బృందం) వీడియో స్టాండర్డ్ ఏది తీసుకున్నా అందులో గట్టిగా చెప్పేది రెండే విషయాలు, ఫైల్లో బిట్స్ ఏ వరసలో ఉండాలి, డీకోడర్ (ఫైల్‌ని విప్పి ఆడించే భాగం) వాటిని ఎలా విప్పాలి. ఆ బిట్స్‌ని తయారుచేసేది ఎన్‌కోడర్, అది ఎలా తయారుచేస్తుందో మీ ఇష్టం, రూల్ తప్పకుండా ఉంటే చాలు. నాకు మొత్తం ఈ సబ్జెక్ట్‌లో బాగా నచ్చిన నిర్ణయం ఇదే.

మన సినిమాలు రెండు మూడు సీడీల్లో వచ్చిన వీసీడీ రోజులు గుర్తున్నాయి కదా, అది 1993 నాటి ఎంపెగ్-1. బొమ్మ 352×288, సెకనుకి 25 ఫ్రేములు, కంప్రెస్ చెయ్యకపోతే సెకనుకి 30 మెగాబిట్లు దాటుద్ది, కానీ సీడీలో వీడియోకి దొరికేది 1.15 మెగాబిట్లే. హీరో నిలబడి డైలాగ్ చెప్తున్నంతసేపు బానే ఉంటది, వెనకాల గోడ కదలదు కాబట్టి ముందు ఫ్రేమ్ నుంచి తీసుకో అంటే సరిపోద్ది. అదే వాన పాట వచ్చిందనుకోండి, ఒక్కో 16×16 ముక్కకి ముందు ఫ్రేమ్‌లో జోడీ ఎంత వెతికినా దొరకదు, బిట్స్ చాలవు, ఇంక సన్నటి డీటెయిల్ అంతా కొట్టేసి ముక్కకి దాదాపు ఒకే రంగు పులిమేస్తుంది, అందుకే తెర నిండా గళ్ళు గళ్ళు. ఎంత దూరం వెతకాలి, ఏ ముక్కకి ఎన్ని బిట్స్ ఇవ్వాలి అనేది మాత్రం ఎన్‌కోడర్ తెలివి, స్టాండర్డ్ దాని జోలికే పోదు.

ఎమ్‌పీ3 కూడా అంతే. ఫార్మాట్ మారలేదు, కానీ 1998లో మొదలైన లేమ్ అనే ఫ్రీ ఎన్‌కోడర్ ఏళ్ళ తరబడి మెరుగుపడుతూ వచ్చింది, తాళాల మోత, చప్పట్లు లాంటి చోట్ల తేడా చెవికి తెలిసిపోద్ది, పైగా ఆ ఫైల్ పాత ప్లేయర్‌లో కూడా మామూలుగానే ఆడుద్ది.

డీకోడర్ వైపు కూడా మొదట్లో కొంచెం వదులు ఉండేది. ఎంపెగ్-1, 2లో కొసైన్ ట్రాన్స్‌ఫామ్ (బొమ్మ ముక్కని అలల్లాంటి నమూనాలుగా విడగొట్టే గణితం) లెక్కలో చిన్న రౌండింగ్ తేడాలు ఒప్పుకునేవాళ్ళు, అవి ఫ్రేమ్ మీద ఫ్రేమ్ పేరుకుపోకుండా ముందు ఫ్రేమ్ మీద ఆధారపడి 132 సార్లు పంపేలోపు ప్రతి ముక్కనీ ఒకసారి కొత్తగా పంపాలని రూల్ పెట్టారు. 2003లో హెచ్.264 వచ్చాక పూర్ణాంకాల లెక్క పెట్టి ఆ గొడవే లేకుండా చేశారు, రూల్ ప్రకారం చేసిన డీకోడర్ ఏదైనా ప్రతి పిక్సెల్ ఒకేలా రావాల్సిందే. గళ్ళ అంచుల్ని మెత్తబరిచే ఫిల్టర్ కూడా స్టాండర్డ్‌లోనే కలిపేశారు, ఇప్పుడు నెట్ స్లో అయినప్పుడు గళ్ళకంటే మసకే ఎక్కువ కనపడడానికి ఇదొక కారణం.

కాబట్టి షార్ట్ ఫిల్మ్ చేసేవాళ్ళకి నేను చెప్పేది, ఎక్స్264లో (హెచ్.264కి వాడే ఫ్రీ ఎన్‌కోడర్) టైమ్ ఉంటే స్లో ప్రీసెట్ (నిదానంగా వెతికి ఎన్‌కోడ్ చేసే సెట్టింగ్) పెట్టండి, అదే ఫైల్ సైజులో బొమ్మ బాగుంటది, చూసేవాళ్ళు కొత్త ఫోన్ కొనక్కర్లేదు. ఏవీ1 అనే ఇంకో వీడియో ఫార్మాట్ విషయంలోనూ 2018 నాటి మొదటి ఎన్‌కోడర్ టెస్టులు చూపించి ఇది నత్తనడక అని కొట్టిపారేసేవాళ్ళతో నేను అస్సలు ఒప్పుకోను, ఆ ఫార్మాటే ఉండగా ఎస్‌వీటీ-ఏవీ1 లాంటి ఎన్‌కోడర్లు వచ్చి స్పీడ్ ఎంతో మారిపోయింది, ఇప్పటి వెర్షన్‌తో టెస్ట్ చేసి చెప్పండి.