బందరు రేవూ, గాలిమర రెక్కా

విజయవాడ, బుధవారం

పొద్దున్నే రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్ ఆగింది. ట్రెయిలర్ మీద గాలిమర రెక్క పోతోంది, 60 మీటర్లకు తక్కువుండదు. ముందొక జీపు, వెనకొక జీపు, కరెంటు తీగల్ని కర్రతో ఎత్తిపట్టే కుర్రాడు, వెనక ఇరుసుల్ని విడిగా తిప్పే మనిషి. మలుపు దాటడానికి 20 నిమిషాలు. ఇది నేల మీద నిలబెట్టే మర తాలూకుది. సముద్రంలో పెట్టే 14 మెగావాట్ల మరకి ఒక్కో రెక్కా 108 మీటర్లు. అది ఏ రింగులోనూ తిరగదు. రేవు గట్టునే తయారై అక్కడే ఓడ ఎక్కాలి. ఇంగ్లండులోని హల్ రేవులో 2016లో రెక్కల ఫ్యాక్టరీ తెరిచింది అందుకే.

బందరు పోర్టు పని మొదలయ్యాక "మనకీ సముద్రంలో గాలిమరలు వస్తాయటగా" అన్న మాట టీ బడ్డీల దాకా వచ్చింది. గట్టు మీద చదరపు మీటరు నేల ఎన్ని టన్నులు మోస్తుందని మాత్రం ఎవరూ అడగరు. మామూలు సరుకుల బెర్తుని 3 నుంచి 5 టన్నులకి కడతారు. మర తలకాయ, అదే నసెల్, ఒక్కటే 500 టన్నులు. దాన్ని ఎత్తే క్రేన్ పట్టాల కింద చదరపు మీటరుకి 20 టన్నులు దాటే చోట్లుంటాయి. బందరు కిందేమో కృష్ణమ్మ తెచ్చి పోసిన మెత్తటి బంకమన్ను.

దానికి మందు లేకపోలేదు. ముందు ఇసుక పరిచి, మీటరు, మీటరున్నర ఎడంగా ప్లాస్టిక్ వడపోత పట్టీలు 15, 20 మీటర్ల లోతుకి గుచ్చుతారు. పైన మూడు నాలుగు మీటర్ల మట్టి పోసి నెలల తరబడి వదిలేస్తారు. బరువుకి బంకమట్టిలో నీరు పట్టీల వెంట పైకొస్తుంది, నేల కుంగుతుంది. నేల ఎంత కుంగిందో చూపే పలకల కొలతలు రోజూ రాసుకుని, ఆ కొలతల గీత చదునయ్యాకే పైన పోసిన మట్టి తియ్యాలి. పని చెడేది ఇక్కడే. గడువు తరుముకొస్తోందని రెండు నెలల ముందే తీసేస్తారు. ఆ మిగిలిన కుంగుడు తర్వాత క్రేన్ కింద బయటపడుతుంది. 8 మీటర్ల ఎడమున్న పట్టాల్లో ఒకటి అంగుళం దిగితే, 100 మీటర్ల బూమ్, అదే క్రేన్ చెయ్యి, కొన అడుగు జరుగుతుంది. కొనకి రెక్క వేలాడుతుంటే ఆ అడుగు చాలు, పని ఆపెయ్యడానికి.

మరల్ని ఎత్తడానికి వచ్చి, సముద్రం అడుగుకి కాళ్లు దించుకుని నిలబడే ఓడలతో ఇంకో తలనొప్పి. కాలు పైకి లాగిన చోట గుంట మిగిలిపోతుంది. గట్టుని మోసే స్తంభాలకి, అదే పైళ్లకి, దగ్గర్లో పడితే వాటి పట్టు సడలుతుంది. అందుకే ముందే అక్కడ రాయి పరిచిపెట్టాలి.

మధ్యాహ్నం ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు విప్పిన బేరింగు. బండి నెలల తరబడి కదలక, గుండ్ల కింద వరసగా సన్నటి గుంటలు. రేవులో నిలవున్న నసెల్‌కీ ఇదే రోగం. గాలికి సన్నగా వణుకుతూ ఒకే చోట ఉంటే గ్రీజు పక్కకి పోయి ఇనుము ఇనుముని తింటుంది. అప్పుడప్పుడు ఇరుసు తిప్పాలి, లోపల తేమ పీల్చే యంత్రం ఆగకూడదు. అంటే యార్డుకి రాత్రీ పగలూ కరెంటు. ఈ ఖర్చు టెండర్లలో చాలాసార్లు మరిచిపోతారు.

అయినా మరల్ని గుదిగుచ్చి పంపే రేవుగా బందరుని ఊహించుకోవడం నాకు నచ్చదు. కేంద్రం 2024 జూన్‌లో ఒప్పుకున్న 7,453 కోట్లలో మరలకిచ్చేది గుజరాత్, తమిళనాడు తీరాలకే, చెరో 500 మెగావాట్లు. రెండు రేవుల బాగుకి 600 కోట్లు. తమిళనాడు మరలు మన్నార్ సింధుశాఖలో రావాలి. రామసేతువు దగ్గర లోతు చాలదు కాబట్టి బందరు నుంచి పెద్ద ఓడ శ్రీలంక చుట్టూ తిరిగి పోవాల్సిందే. రెక్కలు మోసుకుని అంత దూరం ఎవరు తిరుగుతారు?

నిచ్చెనలు, పడవ ఆనించే గొట్టాలు, టవరు లోపలి మెట్లు, అరుగులు బందరులో చేసి పంపడమైతే సరే. చిన్న ఇనుపపని, మామూలు ఓడలో పోతుంది, ఆటోనగర్ వెల్డర్ల చేతికి అందేదే. పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలంతే. కష్టమంతా రంగు దగ్గర. ఇనుము వేడి, గాలిలో తేమ నీరై పట్టే వేడికంటే (డ్యూ పాయింట్) కనీసం 3 డిగ్రీలు ఎక్కువుంటేనే బ్రష్షు పట్టాలి. లేకపోతే కంటికి కనపడని తడి మీద రంగు కూర్చుని, రెండేళ్లకి పెచ్చులూడుతుంది. ఇవాళ పొద్దున్న గాలిలో తేమకి, బందరులో తొమ్మిదింటి దాకా రంగు డబ్బా మూత తియ్యకూడదు.