అనుమానించడానికి కారణం

ఇంగ్లండులో మా అమ్మాయి బడిలో ఇంగ్లిష్ క్లాసుకు ఒక చర్చాంశం ఇచ్చారు: దారిన పోయేవారిని ఆపి సోదా చేసే అధికారం పోలీసులకు ఎంతవరకు ఉండాలి? సెలవులకు కావలి వచ్చాక వ్యాసం మొదలుపెట్టింది. “తప్పు చేయనివారికి భయమెందుకు?” అన్నది మొదటి వాక్యం. కావలిలో కూర్చుని ఆ మాట రాస్తుంటే నాకు మనసు ఒప్పలేదు. మా నాన్నగారి దగ్గరికి పంపాను. ఆయన ఈ ఊరి కథ చెప్పారు.

1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నేరస్థ తెగ అన్న ముద్ర పడిన ఎరుకల కుటుంబాలను తెచ్చి కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల అజమాయిషీలో సెటిల్‌మెంట్‌లో ఉంచారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలోనూ అలాంటిదే ఉండేది. హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. నేరం రుజువు కానక్కరలేదు, ఆ ఇంట పుడితే చాలు.

“పిల్లలు కూడానా తాతయ్యా?”

పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. 1952 ఆగస్టు 31న అది దేశమంతటా రద్దయింది. ఆ తర్వాతే బడికి వెళ్లిన మా నాన్నగారికి ఒక ఎరుకల సహాధ్యాయి ఉండేవాడట. క్లాసులో ఎవరి పెన్ను పోయినా అందరూ మొదట వెతికేది అతని సంచీనే.

ఇది పిల్లలకు చెప్పాల్సిన విషయమా అని బంధువులు అడిగారు. తప్పకుండా చెప్పాలి. అక్కడ ఒంటి రంగు వల్ల మా పిల్లల మీద అనుమానపు చూపులు పడతాయి, ఆ బాధ వాళ్లకు తెలుసు. ఇక్కడ మా కులం వల్ల మేం అనుమానంగా చూసేవాళ్ల వరుసలో ఉన్నాం. బాధపడినవారి కథ ఒక్కటే నేర్పి పెంచితే వాళ్లకు న్యాయం సగమే అర్థమవుతుంది.

ఇంగ్లండు చట్టాలను మా అమ్మాయే వెతికి చదివింది. 1984 చట్టం ప్రకారం సోదా చేయాలంటే అనుమానానికి తగిన కారణం ఉండాలి. 1994 చట్టంలోని 60వ సెక్షను కింద మాత్రం, అధికారి ఒక ప్రాంతాన్ని ప్రకటిస్తే, అక్కడ ఆ కారణం కూడా అక్కరలేదు. మొదటి వాక్యం కొట్టేసింది. ఇప్పుడు ఆమె వాదన ఇది: 60వ సెక్షను పోవాలి, పోలీసు తన అనుమానానికి కారణం కాగితం మీద రాయాలి, ఆ ప్రతి అడగకుండానే సోదాకు గురైనవారి చేతికి ఇవ్వాలి.